స్పీచ్ క్లాసుకు బదులు పరీక్ష రాస్తే చాలా? రాసినదాన్ని చెప్తున్నా

మీరు అడిగింది ఇది కదా: హెచ్‌4 (డిపెండెంట్ వీసా) మీద టెక్సాస్‌లో ఉన్నారు, కమ్యూనిటీ కాలేజీలో చేరారు, డిగ్రీకి కమ్యూనికేషన్ కోర్సు తప్పదన్నారు. సెమిస్టరంతా క్లాసులో కూర్చోకుండా పరీక్ష రాసి ఆ క్రెడిట్లు తెచ్చుకోవచ్చా అని. తెచ్చుకోవచ్చండీ. నేనూ రాశాను, పాసయ్యాను, అయినా క్లాసుకు వెళ్లాల్సి వచ్చింది. అదెలాగో కింద చెప్తాను.

ముందు మీ కాలేజీ దృష్టిలో కమ్యూనికేషన్ అంటే ఏమిటో కనుక్కోండి. టెక్సాస్ ప్రభుత్వ కాలేజీల్లో కోర్ కరికులం, అంటే డిగ్రీ చేసే అందరికీ తప్పనిసరి కోర్సులు, 42 క్రెడిట్లు, అందులో కమ్యూనికేషన్‌కి 6. ఆ ఆరూ కొన్నిచోట్ల రెండు ఇంగ్లిష్ కాంపోజిషన్ కోర్సులతోనే అయిపోతాయి. కొన్నిచోట్ల ఒకటి రాయడం, ఒకటి మాట్లాడటం. రాసే కోర్సుకైతే క్లెప్ (క్లాసుకు వెళ్లకుండా కాలేజీ క్రెడిట్లు తెచ్చుకునే పరీక్షలు) వాళ్ల కాలేజ్ కాంపోజిషన్ పరీక్ష ఉంది. 50 బిట్లు, రెండు వ్యాసాలు, మొత్తం 125 నిమిషాలు. రెండో వ్యాసం వాళ్లిచ్చిన రెండు రచనలు చదివి, ఏ మాట ఎక్కడి నుంచి తీసుకున్నామో చెబుతూ రాయాలి. మనం ఇంటర్లో, డిగ్రీలో ఇలాంటివి రాసిన పాపాన పోలేదు, కాబట్టి దానిమీదే ఎక్కువ కూర్చోండి. మోడర్న్ స్టేట్స్ అనే సైటులో ఉచిత కోర్సు పూర్తిచేస్తే క్లెప్ ఫీజుకు వోచర్ ఇస్తారు. ఆ డబ్బు మిగిలినట్టే.

మాట్లాడే కోర్సుకు క్లెప్‌లో పరీక్షే లేదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. దానికి డీఎస్‌ఎస్‌టీ అనే, క్లెప్ లాంటివే ఇంకో రకం పరీక్షలు పెట్టే వాళ్ల ప్రిన్సిపుల్స్ ఆఫ్ పబ్లిక్ స్పీకింగ్ రాయాలి. ఇవి మొదట్లో అమెరికా సైనికుల కోసం పెట్టిన పరీక్షలు, ఇప్పుడు ఎవరైనా రాయొచ్చు. పాసైతే 3 క్రెడిట్లు ఇవ్వమని అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ సిఫారసు చేస్తుంది. సిఫారసే సుమండీ. ఇవ్వడం, ఇవ్వకపోవడం కాలేజీ ఇష్టం.

ఈ పరీక్షలో రెండు భాగాలు. మొదటిదైన బిట్ల భాగం చూసి భయపడక్కర్లేదు. వినేవాళ్లను అంచనా వేయడం, ప్రసంగాన్ని ఒక వరసలో పెట్టడం, ఆధారాలు, సభాభయం, అరిస్టాటిల్ చెప్పిన ఎథోస్, పాథోస్, లోగోస్ (మాట్లాడేవాళ్ల మీద నమ్మకం, భావోద్వేగం, తర్కం), ఇలాంటివే. లైబ్రరీలో పాత పాఠ్యపుస్తకం ఒకటి తెచ్చుకుని, బాబు స్కూలుకు వెళ్లాక రోజూ గంటన్నర చొప్పున మూడు వారాలు చదివాను. బి.కాం. చదివిన నాకు అది సరిపోయింది.

కష్టమంతా రెండో భాగంలో ఉంది. అప్పటికప్పుడు ఒక అంశం ఇస్తారు. పది నిమిషాలు ఆలోచించుకుని, ఎదుటివాళ్లను ఒప్పించేలా మూడు నుంచి ఐదు నిమిషాలు మాట్లాడి రికార్డు చేయాలి. (నాకొచ్చిన అంశం బయటపెట్టకూడదు, అడగకండి.) నేను స్కూల్లో వక్తృత్వ పోటీల్లో బహుమతులు తెచ్చుకున్నదాన్నే. కానీ ఆ ప్రసంగాలు తెలుగు మాస్టారు రాసిచ్చినవి. 'గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయుల వారికి' దగ్గర్నుంచి చివరి 'జైహింద్' దాకా బట్టీ. ఇక్కడ బట్టీకి ఏమీ లేదు. ఇంట్లో మొదటిసారి మావారు ఫోన్లో టైమర్ పెట్టి, 'అపార్ట్‌మెంట్లో కుక్కల్ని ఉండనివ్వాలా?' అని ఇస్తే, నిమిషంన్నరకే నా మాటలు అయిపోయాయి. మిగతా సమయం ఫ్యాన్ చప్పుడు రికార్డయింది.

నన్ను గట్టెక్కించింది అలన్ మన్రో అనే పర్డ్యూ ప్రొఫెసర్ 1930ల్లో చెప్పిన ఐదు మెట్ల పద్ధతి. ముందు వాళ్ల దృష్టిని పట్టుకోవాలి, తర్వాత సమస్య చెప్పాలి, దానికి పరిష్కారం చూపాలి, ఆ పరిష్కారంతో ఏం మారుతుందో కళ్లకు కట్టాలి, చివర వాళ్లేం చేయాలో చెప్పాలి. ఏ అంశం వచ్చినా కాగితం మీద ఈ ఐదు మాటలు రాసుకుని, ఒక్కోదానికి నలభై సెకన్లు అనుకుంటే మూడు నిమిషాలు దాటేస్తాం. రోజుకు రెండు చొప్పున ఇరవై అంశాలు చేశాక టెన్షన్ పోయింది. యాస గురించి బెంగ వద్దు. నాది అచ్చమైన గోదావరి ఇంగ్లిష్, దానితోనే పాసయ్యాను. తొందరగా మాట్లాడటం మాత్రం మానుకోండి, మనవాళ్ల అసలు ఇబ్బంది అదే. ఫలితం కూడా అదే రోజు తేలదు, ప్రసంగాన్ని విడిగా విని మార్కులు వేస్తారు కాబట్టి కొన్ని వారాలు ఆగాలి.

ఇక నా కథ. పరీక్ష కట్టేముందు కాలేజీలో సలహాదారును అడిగితే, 'ఆ, తీసుకుంటాం' అన్నారు నోటిమాటగా. తీసుకున్నారు కూడా. కానీ ఆ మూడు క్రెడిట్లు ఎలెక్టివ్ (మనకిష్టమైన అదనపు కోర్సు) కింద వేశారు, స్పీచ్ కోర్సు గడి ఖాళీగానే ఉంది. డిపార్ట్‌మెంట్‌కు వెళ్తే, ఎదురుగా మనుషులుండగా ప్రసంగించాలన్నది తమ కోర్సు నియమం, రికార్డింగు చాలదు అన్నారు. రెండు ఈమెయిళ్లు, ఒక అర్జీ, అదే జవాబు. వేసవిలో ఐదు వారాల క్లాసు చేశాను. నిజం చెప్పొద్దూ, క్లాసు బాగుంది, కానీ పరీక్ష ఫీజు, సెంటర్ ఫీజు, కోర్సు ఫీజు మూడూ కట్టిన కడుపుమంట వేరు.

అందుకని మీరు 'క్రెడిట్ వస్తుందా' అని అడగకండి. కోర్సు నంబరు రాసి, 'ఈ పరీక్ష పాసైతే ఈ కోర్సు పూర్తయినట్టు లెక్కేస్తారా, ఎంత స్కోరు కావాలి?' అని రిజిస్ట్రార్‌కు ఈమెయిల్ పెట్టి, జవాబు దాచుకోండి. నర్సింగ్ లాంటి కోర్సుకో, యూనివర్సిటీకో మారే ఆలోచన ఉంటే అక్కడ కూడా ఇదే అడగాలి. ఒకచోట ఒప్పుకున్నది ఇంకోచోట చెల్లకపోవచ్చు. పరీక్షతో వచ్చిన క్రెడిట్‌కు మామూలుగా గ్రేడు ఉండదు, జీపీఏ పెరగాలని చూస్తుంటే క్లాసే మేలు.

కింద వ్యాఖ్యలో ఎఫ్‌1 (విద్యార్థి వీసా) మీదున్న తమ్ముడు అడిగాడు కాబట్టి ఒక మాట. మీకు సెమిస్టరుకు 12 క్రెడిట్లు నమోదై ఉండాలి కదా, పరీక్షతో తెచ్చుకున్నవి ఆ పన్నెండులోకి రావు. ఇది నమ్మి క్లాసు డ్రాప్ చేశావంటే వీసాకే ఎసరు, ముందు మీ ఇంటర్నేషనల్ ఆఫీసులో కనుక్కో.