మగ్గం వర్క్ షాపుకి వెబ్‌సైట్ పేరు: మా అన్నయ్య కూతురికి ఉత్తరం

తార్నాక, హైదరాబాద్

అమ్మలూ,

వాట్సాప్‌లో నువ్వు పంపిన పేర్ల లిస్టు చూశాను. కొత్తపేటలో షాపు పెట్టి ఏడాది తిరక్కుండానే వెబ్‌సైట్ దాకా వచ్చావు, చాలా సంతోషంగా ఉంది. ఫోన్లో రెండు ముక్కలు చెప్పి ఊరుకునే విషయం కాదని తీరిగ్గా రాస్తున్నాను. డిజైన్ నచ్చకపోతే రేపు మార్చుకోవచ్చు, ఫొటోలూ మార్చుకోవచ్చు. డొమైన్, అంటే సైటు అడ్రస్‌గా పెట్టుకునే పేరు, మారిస్తే మాత్రం పాత పేజీలన్నిటినీ 301 రీడైరెక్ట్‌తో (శాశ్వతంగా మారిందని చెప్పే మళ్లింపుతో) కొత్తవాటికి మళ్లించాలి, సైటు యజమానుల కోసం గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో అడ్రస్ మారిందని చెప్పాలి, ఆ మళ్లింపును కనీసం ఏడాదైనా ఉంచాలి. విజిటింగ్ కార్డులు, కవర్లు, షాపు బోర్డు సంగతి సరేసరి. అందుకే ఇప్పుడే నాలుగు రోజులు ఆలోచించు.

లిస్టులో మొదటిది బెస్ట్, మగ్గం, వర్క్, హైదరాబాద్ అన్న నాలుగు మాటలకి మధ్యలో మూడు హైఫన్లు పెట్టిన డాట్ కామ్. “జనం గూగుల్లో కొట్టేది ఇదే కదా బాబాయ్, ఇదే పేరు పెట్టుకుంటే మనమే పైన వస్తాం” అని కింద రాశావు. ఆ మాట ఒకప్పుడు చాలావరకు నిజమే. వెతికే మాటలే డొమైన్‌గా ఉంటే, లోపల సరుకు లేకపోయినా సైటు పై వరసలో కనిపించిన రోజులున్నాయి. అలాంటి పేర్లు కొని దాచుకోవడమే వ్యాపారంగా పెట్టుకున్నవాళ్లూ ఉండేవాళ్లు. 2012 సెప్టెంబరు 28న గూగుల్ దానికి కళ్లెం వేసింది. అప్పట్లో అక్కడ స్పామ్‌ని అరికట్టే బృందాన్ని నడిపిన మాట్ కట్స్ ఆ సంగతి ట్విటర్‌లో ప్రకటించాడు. పేరు తప్ప పస లేని సైట్లను ఫలితాల్లో తగ్గిస్తున్నామనీ, అమెరికాలో ఇంగ్లీషులో వెతికేవాటిలో 0.6 శాతం మీద ఆ ప్రభావం కొట్టొచ్చినట్టు కనిపిస్తుందనీ చెప్పాడు. అంకె చిన్నదే గానీ, పేరునే నమ్ముకున్నవాళ్లకి ఆ దెబ్బ గట్టిగానే తగిలింది.

అలాంటి పేరు పెడితే గూగుల్ శిక్షిస్తుందని కాదు. సైటు బాగుంటే ఏ ఇబ్బందీ ఉండదు. కాకపోతే ఆ పేరు వల్ల ఇప్పుడు ర్యాంకులో చెప్పుకోదగ్గ లాభమేమీ లేదు, నష్టాలు మాత్రం చాలా ఉన్నాయి. రేపు లెహంగాలు కూడా కుట్టాలనుకుంటావు, విజయవాడలో ఇంకో షాపు తెరుస్తావు. అప్పుడు ఆ పేరులో “మగ్గం వర్క్ హైదరాబాద్” ఏం చేసుకుంటావు? పైగా ఫోన్లో “హైఫన్... అదేనండీ, మధ్యలో చిన్న గీత” అని మూడుసార్లు చెప్పేలోపు అవతలివాళ్లకి ఓపిక అయిపోతుంది.

అసలు విషయం ఇంకోటుంది. నీకు గిరాకీ ఎలా వస్తుందో ఒకసారి గుర్తు తెచ్చుకో. ఏదో పెళ్లిలో పెళ్లికూతురి బ్లౌజు చేతుల మీద నువ్వు చేసిన పని చూసి ఎవరో “ఎక్కడ చేయించావే?” అని అడుగుతారు. ఆ జవాబు ఒక్క ముక్కలో రావాలి. విన్నావిడ ఇంటికెళ్లి అదే ముక్క గూగుల్లో కొడితే నువ్వొక్కదానివే కనిపించాలి. “బెస్ట్ మగ్గం వర్క్ హైదరాబాద్” అని కొడితే నీతోపాటు దిల్‌సుఖ్‌నగర్, కూకట్‌పల్లి, అమీర్‌పేట బొటిక్కులన్నీ వరసగా వస్తాయి. నీ పని మెచ్చుకుని వెతికిన మనిషిని నువ్వే తీసుకెళ్లి వేరే షాపు గుమ్మం ముందు నిలబెట్టినట్టవుతుంది. నిన్ను పేరు పెట్టి వెతికేవాళ్లు పెరిగితే ఆ వెతుకులాటలో నీకు పోటీయే ఉండదు. డొమైన్‌తో నువ్వు సంపాదించుకోగలిగిన ర్యాంకు అదే.

రెండో పేరులో “జర్దోసీ” ఉంది. మాట అందంగానే ఉంది, ఇంగ్లీషు స్పెల్లింగుతోనే చిక్కు. మొదట జెడ్ పెట్టేవాళ్లున్నారు, జే పెట్టేవాళ్లున్నారు. చివర ఎస్ఐ రాసేవాళ్లు, జెడ్ఐ రాసేవాళ్లు. ఇక్కడికే నాలుగు రకాలయ్యాయి. మధ్యలో డీ పక్కన హెచ్ తగిలించేవాళ్లని కలిపితే ఎనిమిది. వీటిలో ఒక్కటే నీది. మన మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టినప్పుడల్లా ఈ బెడద ఉంటుంది. దీర్ఘాలు, ఒత్తులు ఉన్నచోట ఒక్కొక్కరిది ఒక్కో పద్ధతి. అందుకని ఇలా చెయ్యి. అనుకున్న పేరుని మీ అమ్మకి, మీ షాపులో పనిచేసే అమ్మాయికి, ఎవరైనా ఒక కస్టమర్‌కి ఫోన్లో ఒక్కసారే చెప్పు. స్పెల్లింగు చెప్పకు. షాపు బయట రోడ్డు మీద నిలబడి, బస్సుల చప్పుడులోనే చెప్పు. విన్నది విన్నట్టు టైప్ చేసి వాట్సాప్‌లో పెట్టమను. అందరూ ఒకేలా రాస్తే ఆ పేరు పనికొస్తుంది. తలో రకంగా రాస్తే, నీకెంత ఇష్టమైనా సరే, వదిలెయ్యి.

నన్నడిగితే మూడోది మంచి పేరు. నీ ముద్దుపేరు రెండక్షరాలూ, దాని పక్కన “మగ్గం”. ముందు మాట నీ ఒక్కదానిది, రెండో మాట చూడగానే ఏం పనో తెలిసిపోతుంది. “మగ్గం”లో రెండు జీలకి బదులు ఒకటే కొట్టేవాళ్లు ఉంటారు కాబట్టి ఆ స్పెల్లింగు కూడా ఖాళీగా ఉంటే కొని అసలు దానికి మళ్లించు. కొనేముందు ఇన్‌స్టాగ్రామ్‌లో, యూట్యూబ్‌లో అదే పేరు దొరుకుతుందో లేదో చూసుకో.

డాట్ కామా, డాట్ ఇన్నా అని అడిగావు. డాట్ ఇన్ చూస్తే ఈ సైటు ఇండియావాళ్ల కోసమని గూగుల్ అనుకుంటుంది. నీ కస్టమర్లంతా ఇక్కడివాళ్లే అయితే అదే చాలు. కానీ డాలస్ నుంచి, న్యూజెర్సీ నుంచి మనవాళ్లు కొలతలు పంపి కుట్టించుకుంటున్నారని నువ్వే చెప్పావు. కాబట్టి డాట్ కామ్ అసలుది పెట్టుకుని, డాట్ ఇన్‌ని దానికి మళ్లించు. డాట్ షాప్, డాట్ ఆన్‌లైన్ లాంటివాటికి ర్యాంకులో ఎక్కువా లేదు, తక్కువా లేదని గూగుల్ 2015లోనే చెప్పేసింది. వాటిలో చూసుకోవాల్సింది ధర. మొదటి ఏడాది చవగ్గా ఇచ్చి రెన్యువల్ దగ్గర గుంజుతారు. తెలుగు అక్షరాల్లోనే డాట్ భారత్ పేరు కూడా తీసుకోవచ్చు, నాకు అది చాలా ఇష్టం కూడా. కాకపోతే కొన్నిచోట్ల లింకు పంపినప్పుడు తెలుగు పోయి ఎక్స్ఎన్‌తో మొదలయ్యే పిచ్చి అక్షరాలు కనిపిస్తాయి. అందుకని దాన్ని రెండోదిగా ఉంచుకో.

ఎవరో పాత డొమైన్ అమ్ముతానన్నారనీ, “డీఏ ఎక్కువ, వెంటనే ర్యాంకు” అంటున్నారనీ రాశావు. వద్దు తల్లీ. డీఏ (డొమైన్ అథారిటీ) అనేది సైటు ఎంత బాగా ర్యాంకు అవ్వచ్చో మోజ్ అనే కంపెనీ కట్టే లెక్క, గూగుల్‌ది కాదు. పైగా గడువు తీరిన డొమైన్లను పాత పరపతి కోసం కొని, వాటి మీద పనికిరాని సైట్లు నడపడాన్ని 2024 మార్చిలో గూగుల్ స్పామ్ నిబంధనల్లో చేర్చింది. నీది మంచి షాపే, నువ్వు అలాంటి పని చెయ్యవు. కానీ ఆ పేరుకి వెనక ఏం చరిత్ర ఉందో నీకెలా తెలుస్తుంది? కొత్త పేరనుకున్నది కూడా ఒకప్పుడు ఎవరిదో అయ్యుండొచ్చు. పాత వెబ్ పేజీల నకళ్లు దాచే వేబ్యాక్ మెషీన్ అనే సైటులో ఆ పేరు కొట్టి పాత పేజీలు చూడు. పేకాట, బెట్టింగ్ లాంటివి కనిపిస్తే దాని జోలికి వెళ్లకు.

ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ సైటులో బట్టల తరగతి 25 కింద అదే పేరు, లేదా పలికితే అలాగే వినిపించే పేరు ఉందేమో వెతుకు. 2004లో సత్యం ఇన్ఫోవే కేసులో సుప్రీంకోర్టు డొమైన్ పేరుకి కూడా ట్రేడ్‌మార్క్‌లాంటి రక్షణే ఉంటుందని తేల్చింది. అక్కడ గొడవ “సిఫీ” అన్న పేరు ఇంగ్లీషు స్పెల్లింగులో ఒక ఎఫ్‌కీ, రెండు ఎఫ్‌లకీ మధ్యే.

ఇంకొక్కటి గట్టిగా చెప్తాను. డొమైన్ నీ పేరున, నీ మెయిల్‌తో, నీ ఫోన్ నంబరుతో, నీ కార్డుతో కొను. సైటు చేసే అబ్బాయి “అన్నీ నేనే చూసుకుంటానక్కా” అంటాడు, మంచివాడే కావచ్చు. నాకు తెలిసిన ఒకావిడ టైలరింగ్ సైటు అలాగే వేరేవాళ్ల ఖాతాలో ఉండిపోయింది. రెన్యువల్ టైముకి అవతలి మనిషి ఫోన్ ఎత్తలేదు. ఏళ్లుగా జనానికి అలవాటైన పేరు చేజారి, ఆవిడ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. ఆటో రెన్యువల్ పెట్టుకో. ఒకేసారి పదేళ్లకి కడితే ర్యాంకు పెరుగుతుందనే మాట మాత్రం నమ్మకు.

వెతికే మాటలు ఎక్కడ పెట్టాలంటే, పేజీల్లో. పెళ్లి బ్లౌజులకి ఒక పేజీ, ఆరీ వర్క్‌కి ఒకటి, జర్దోసీకి ఒకటి పెట్టు. టైటిల్లో ఆ మాట, లోపల నువ్వు నిజంగా చేసిన పనుల ఫొటోలు, ఎన్ని రోజులు పడుతుంది, ఎంతవుతుంది అన్నవి రాయి. గూగుల్ మ్యాప్స్‌లో షాపు పేరు బోర్డు మీద ఉన్నట్టే పెట్టు, అక్కడ “బెస్ట్ ఇన్ కొత్తపేట” లాంటివి తగిలిస్తే నిబంధనలకి విరుద్ధం, గూగుల్ నీ లిస్టింగునే ఆపేయొచ్చు. దగ్గర్లో వెతికేవాళ్లకి నిన్ను చూపించేది ఆ మ్యాప్సే కాబట్టి, పని నచ్చినవాళ్లని రివ్యూ రాయమని అడగడానికి మొహమాటపడకు.

ఆదివారం లోపు ఫోన్ పరీక్ష పూర్తి చేసి ఏం తేలిందో చెప్పు. డబ్బు కట్టేముందు ఒకసారి ఫోన్ చెయ్యి, రెన్యువల్ ధర ఇద్దరం కలిసి చూద్దాం. అన్నయ్యకి, వదినకి నా నమస్కారాలు చెప్పు.

ఆశీస్సులతో,
బాబాయ్