పర్లాకిమిడి దొడ్డిలో పాతరకం పూలదుంపలు

గజపతి జిల్లాలో కొత్తగా ఇల్లు కట్టుకున్న మీరు, దొడ్డిలో వేయడానికి పాతకాలపు పూలదుంపల్లో ఏవి మంచివని, ఆన్‌లైన్‌లో అమ్మే తులిప్ దుంపలు పనికివస్తాయా అని అడిగారు. తులిప్‌కు పూత రావాలంటే మూడు నెలలకు పైగా గట్టి చలి తగలాలి. అది శ్రీనగర్‌లో ఉంటుంది గానీ మన మహేంద్రతనయ నది ఒడ్డున ఉండదు.

నేనైతే ఒంటిరెక్క నేలసంపంగి తప్ప మరొకటి చెప్పను. అంగడిలో లిల్లీ అనీ, ఒడియా వారు రజనీగంధ అనీ అడిగేది దీనినే. పుట్టుక మెక్సికోదే అయినా మా మేనత్త దొడ్డిలో నూతి పక్కన ఇది నా చిన్నప్పటి నుంచీ ఉంది. చలికాలం చివర ఆకులు పండాక ఆమె గుబురును తవ్వి, బొటనవేలంత లావుండి కదురులా కోసుగా ఉన్న గట్టి దుంపలను ఒకవైపు, పిల్లదుంపలను మరోవైపు పోసేది. ఒకసారి పూసిన దుంప మళ్ళీ పూయదు కనుక ఈ ఏరివేతే అసలు పని. ఒక ఏడాది మంచివన్నీ పక్కింటి ఒడియా ఆమె చేటలో పోస్తుంటే, "అత్తా, మనకేం మిగులుతాయి?" అని అడిగాను. "మన దొడ్డి మునిగితే ఎవరి గుమ్మం ఎక్కుతావురా?" అంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు దొడ్డిలో నీరు నిలిచి మా దుంపలన్నీ కుళ్ళిపోయాయి. మెరకమీదున్న పక్కింటి నుంచే అదే రకం తిరిగి వచ్చింది.

అందుచేత పాతరకం ఎంచుకోవడమంటే, మీ వీధిలో ఇంకొకరి దగ్గర కూడా ఉన్నదానిని ఎంచుకోవడమని నా గట్టి నమ్మకం. నర్సరీలను నేను నమ్మను. ఒకచోట ఒంటిరెక్కదని చెప్పి నాకు అంటగట్టిన దుంపలు తీరా పూసేసరికి ముద్దరకమని తేలింది. పెళ్ళి మండపాలు కట్టేవారికి అది ముద్దే కావచ్చు గానీ, నా ముక్కుకు దాని వాసన ఆనదు. దుంపను చూసి రకం పోల్చుకోవడం కష్టం కనుక, పూతకాలంలోనే వెళ్ళి మొగ్గలను చూడండి. పాతరకాల్లో చాలావరకు ఆకుపచ్చ ఛాయ తెలుపైతే ఒంటిరెక్కది, గులాబీ ఛాయ ఉంటే ముద్దది. నచ్చిన గుబురు దగ్గర పుల్ల గుచ్చి, తవ్వేటప్పుడు నాలుగు దుంపలు ఇమ్మని ఇంటివారిని ముందే అడిగి ఉంచండి. తెచ్చినవాటిని నెల రోజులు నీడలో ఆరనిచ్చి, నీరు నిలవని గట్టుమీద రెండంగుళాల లోతున నాటితే మూడు నెలలకు కాడ వేస్తుంది.