గూగుల్‌కి నీ గురించి ఎంత తెలియాలి?

చిరంజీవి చిన్నోడికి పెదనాన్న ఆశీస్సులు.

భీమవరం పక్కన రొయ్యల చెరువు లీజుకి తీసుకున్నావనీ, ఏ అనుమానం వచ్చినా గూగుల్లో కొడుతున్నావనీ మీ నాన్న చెప్పాడు. మంచిదే. కాకపోతే అది నీ ఊరు, నీ భాష, నువ్వు ఇంతకుముందు వెతికినవి చూసుకుని జవాబులు వరసపెడుతుంది. 2005లో లాగిన్ అయినవాళ్లకి మొదలైన ఈ పద్ధతి 2009 డిసెంబరులో లాగిన్ కానివాళ్లకీ వచ్చింది. మొత్తం ఆపేయమని చెప్పను.

'ఎక్కడ దొరుకుతుంది' అనేవాటికి ఉంచు. ఏరేటర్ (నీళ్లలో గాలి కలిపే యంత్రం) రిపేరు, ఐసు, రొయ్యల జబ్బు పరీక్షచేసే పీసీఆర్ ల్యాబ్ లాంటివాటికి నీ ఊరు దానికి తెలియాల్సిందే. ఫలితాల పేజీ అడుగున నిన్ను ఏ ఊళ్లో అనుకుంటోందో ఉంటుంది. ఫోన్ డేటా మీద ఒక్కోసారి హైదరాబాద్ అని పడుతుంది, అక్కడే నొక్కి సరిచేసుకో.

'ఇది నిజమేనా' అనేవాటికి మాత్రం తీసెయ్యాలి. రొయ్యలకొచ్చే తెల్లమచ్చల జబ్బుకి 'వైట్ స్పాట్ మందు' అని కొడితే అమ్మేవాళ్లే వరసకడతారు. అది తెచ్చే వైరస్‌కి మందు లేదు నాన్నా, ప్రశ్నలోనే పొరపాటుంది. అవే పేజీలు నాలుగుసార్లు తెరిస్తే అలాంటివే ఇంకా పైకి రావచ్చు. జబ్బుపడ్డ రొయ్య గట్టువారకి చేరుతుంటే కంగారులో ఆ మందు డబ్బాలు కొనేస్తాం. అందుకని బ్రౌజర్లో ఇన్‌కాగ్నిటో (చరిత్ర దాచుకోని కిటికీ) తెరిచి 'వైట్ స్పాట్ ఎలా వ్యాపిస్తుంది' అని తెలుగులో ఒకసారి, ఇంగ్లిషులో ఒకసారి కొట్టు. భాష మారితే పేజీలే మారిపోతాయి. ఇన్‌కాగ్నిటో పాత వెతుకులాటల్ని పక్కనపెడుతుంది గానీ ఊరిని దాచదు, ప్రకటనల్నీ ఆపదు. 'స్పాన్సర్డ్' అని ఉన్నవి దాటెయ్.

గూగుల్ ఖాతాలో 'డేటా, గోప్యత' కింద 'వెబ్, యాప్ యాక్టివిటీ' ఉంటుంది. దాన్ని కట్టేస్తే మ్యాప్స్‌లో నువ్వు వెతికిన చోట్లు గుర్తుండవు, అదీ ఇబ్బందే. అందుకని పాతవి వాటంతటవే చెరిగిపోయే ఆటో డిలీట్ వాడు, అందులో 3, 18, 36 నెలలు ఉంటాయి. 3 పెట్టుకో. వనామి రొయ్య ఒక పంట దాదాపు అంతే కాబట్టి పోయిన పంట జబ్బులు ఈ పంటలో వెంటపడవు.

మీ ఇంట్లో ఫోన్ అందరి చేతుల్లోనూ తిరుగుతుంది కదా. వెతికే పెట్టె ముట్టుకోగానే గడియారం గుర్తుతో పాతవన్నీ దిగుతాయి. మీ ఆవిడ ఆరోగ్యం గురించి వెతికింది పాలేరు కంట పడకూడదు. దానిమీద వేలు నొక్కిపట్టి తీసెయ్.

గోదావరి వరదప్పుడు ఇవేవీ అక్కరకు రావు, తేదీయే ముఖ్యం. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి హెచ్చరిక, 13కి రెండోది, 17కి మూడోది. పోయినేటి హెచ్చరిక వార్త పైనుంటే మోసపోతావు. సెర్చ్ టూల్స్‌లో 'గత 24 గంటలు' పెట్టి చూడు.

పెదనాన్న