"ఒక్కడూ తిరగబడలేదా?" అని ఒకప్పుడు నేనూ అడిగాను

మీ ప్రశ్న: "హోలోకాస్ట్ (నాజీలు యూదుల్ని లక్షల్లో చంపేయడం) సినిమాల్లో యూదులు ఎప్పుడూ వరసలో నిలబడి రైలెక్కుతూనే కనిపిస్తారు. నిజంగా ఎవరూ ఎదురు తిరగలేదా? అలాంటి సినిమాలుంటే చెప్పండి."

నేనూ ఇదే అడిగాను, కాకపోతే ఇంకాస్త మోటుగా. ఇంజినీరింగ్ రోజుల్లో హాస్టల్ గదిలో ఒక అసెంబుల్డ్ కంప్యూటర్ ముందు ఏడెనిమిది మందిమి ఇరుక్కుని కూర్చుని 'షిండ్లర్స్ లిస్ట్' చూశాం. సగంలోనే ఇద్దరు నిద్రపోయారు. అయిపోయాక మిగతావాళ్ళం కాసేపు ఏమీ మాట్లాడలేదు, ఆ తర్వాత నేనే అన్నాను, "ఇంతమంది ఉండి ఒక్కడూ తిరగబడలేదేంట్రా" అని. తిరగబడటం అంటే ఇంటర్వెల్ ముందు హీరో పిడికిలి బిగించడమే అనుకునే వయసు మరి.

చాలా ఏళ్ళ తర్వాత ఆఫీసు పని మీద పోలాండ్ రాజధాని వార్సాలో ఏడాదిన్నర ఉన్నాను. ఏప్రిల్ 19న మెట్రో మెట్లెక్కి పైకి రాగానే ఒక కాలేజీ అమ్మాయి నా చేతిలో పసుపుపచ్చ కాగితం పువ్వు పెట్టింది. ఏదో విరాళం అడుగుతోందనుకుని జేబులో చిల్లర వెతుకుతుంటే నవ్వి, డబ్బులొద్దని తనే నా కోటుకి గుచ్చింది. డాఫోడిల్ పువ్వు అది, రేకులు విప్పితే ఆరు కోణాల నక్షత్రంలా ఉంటుంది. మా టీములో ఉన్న పెద్దావిడ మధ్యాహ్నం భోజనాల దగ్గర దాని సంగతి చెప్పారు. 1943లో వార్సా ఘెట్టోలో, అంటే జర్మన్లు గోడ కట్టి యూదుల్ని బంధించిన పేటలో, యూదులు తిరుగుబాటు మొదలుపెట్టిన రోజు ఇది. ఆ నాయకుల్లో బతికి బయటపడ్డ మారెక్ ఎడెల్మాన్ తర్వాత గుండె డాక్టరయ్యాడు, ఆయనకి ప్రతి ఏడూ ఈ రోజున ఎవరో పేరు చెప్పకుండా పసుపు పూలు పంపేవారట, ఆయన వాటిని తీసుకెళ్ళి స్మారకం దగ్గర పెట్టేవాడట.

కొన్ని వందల మంది, చేతుల్లో ఎక్కువగా పిస్తోళ్ళు, ఇంట్లో తయారుచేసిన పెట్రోలు సీసాలు. వాళ్ళని అణచడానికి జర్మన్లకి మే 16 దాకా పట్టింది, అదీ ఇళ్ళు ఒక్కొక్కటిగా తగలబెట్టుకుంటూ పోతే. పోలాండ్ సైన్యం మొత్తం 1939లో అయిదు వారాల్లో ఓడిపోయిందని గుర్తు పెట్టుకోండి.

ఆ రాత్రి 'ది పియానిస్ట్' మళ్ళీ చూశాను, ఆ ఘెట్టోలో చిక్కుకున్న ఒక యూదు పియానో కళాకారుడి కథ. మొదటిసారి చూసినప్పుడు నాకు అస్సలు ఆనని విషయం, బంగాళాదుంపల బస్తాల్లో దాచి తుపాకులు లోపలికి తెస్తారు, పియానో వాయించే ఆ మనిషి కూడా అందులో ఉంటాడు. తిరుగుబాటు వచ్చేసరికి అతను గోడ అవతల ఒక అపార్ట్‌మెంటులో దాక్కుని కిటికీలోంచి చూస్తుంటాడు. చూడటం తప్ప చెయ్యగలిగిందేమీ లేదు. దర్శకుడు కెమెరాని కిందికి దింపి పోరాటం మధ్యలోకి తీసుకెళ్ళలేదు, కిటికీ దగ్గరే ఉంచేశాడు. నాకు అది చాలా నచ్చింది.

సరే, మీరు అడిగింది తిరగబడే సినిమాలు కాబట్టి, అందరూ ముందు చెప్పేది 'డిఫయన్స్' (2008). బియెల్స్కీ అన్నదమ్ములు బెలారస్‌లోని నలిబోకి అడవిలో దాక్కుని వచ్చినవాళ్ళందరినీ చేర్చుకున్న కథ. చూడండి, బావుంటుంది, కానీ చివర్లో ట్యాంకుతో యుద్ధం ఉంటుందే, అది కల్పన. అసలు జరిగింది నా దృష్టిలో దానికన్నా పెద్దది. మామూలుగా పార్టిజాన్ దళాలు, అంటే అడవుల్లో దాక్కుని జర్మన్లతో పోరాడే దళాలు, తుపాకీ పట్టగల కుర్రాళ్ళని తప్ప ఎవరినీ రానిచ్చేవి కాదు. తువియా బియెల్స్కీ ముసలివాళ్ళని, పసిపిల్లల తల్లుల్ని కూడా రమ్మన్నాడు, పదిమంది జర్మన్లని చంపడం కన్నా ఒక ముసలమ్మని బతికించడం మేలని అతని లెక్క. ఆ అడవిలో రొట్టెల బట్టీ, పిండిమర, చెప్పులు కుట్టేవాళ్ళు, దర్జీలు, తోళ్ళు పదును చేసే చోటు, పిల్లలకి బడి, అన్నీ ఉండేవి. యుద్ధం చివర్లో దాదాపు 1,200 మంది ప్రాణాలతో బయటికి నడిచొచ్చారు. తువియా తర్వాత న్యూయార్క్ వెళ్ళి ట్రక్కు నడుపుకుంటూ బతికాడు, 1987లో పోయాడు.

ఇక్కడ ఒక చిన్న విషయం. జెరూసలేంలోని యాద్ వాషెమ్ సంస్థ యూదుల్ని కాపాడినవాళ్ళకి ఒక గౌరవం ఇస్తుంది, 'షిండ్లర్స్ లిస్ట్'లో యూదుల్ని కాపాడే ఆ జర్మన్ షిండ్లర్‌కి వచ్చింది అదే. అది యూదులు కానివాళ్ళకి మాత్రమే. కాబట్టి తువియా ఎంతమందిని కాపాడినా ఆ జాబితాలోకి రాడు. కాపాడినవాడు అనగానే మనకి బయటివాళ్ళ మొహాలే గుర్తు రావడానికి ఇదీ ఒక కారణమేమో అనిపిస్తుంది. ఫ్రాన్సులో జార్జ్ లాంజే అనే యూదు వ్యాయామం మాస్టారు స్విట్జర్లాండ్ సరిహద్దు దగ్గర పిల్లలతో బంతాట ఆడించి, బంతిని అటువైపు విసిరి, వెళ్ళి తెచ్చుకోండర్రా అనేవాడు. వెళ్ళిన పిల్లలు వెనక్కి రారు, అంతే! మూకాభినయంతో తర్వాత ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న మార్సెల్ మార్సో ఈయన దగ్గరి బంధువు, మార్సో మీద 'రెసిస్టెన్స్' అని 2020లో సినిమా వచ్చింది. ఒకసారి చూడొచ్చు, అంతకు మించి చెప్పను.

నన్ను నిజంగా కూర్చోబెట్టింది సోబిబోర్ కథ, పోలాండ్‌లో జర్మన్లు యూదుల్ని చంపడానికే పెట్టిన క్యాంపు అది. మీ "వరసలో నిలబడి" అన్నదానికి జవాబు కూడా అక్కడే ఉంది. ఆ క్యాంపుకి రైల్లో వచ్చినవాళ్ళలో దాదాపు అందరినీ కొన్ని గంటల్లోనే చంపేసేవాళ్ళు, అదీ స్నానానికని చెప్పి. ఏం జరుగుతోందో తెలిసేలోపు అయిపోతుంది, పక్కన పిల్లలు, ముసలి తల్లిదండ్రులు. పనికోసం బతకనిచ్చిన ఆరొందల మందికే ఆలోచించే టైము ఉండేది. వాళ్ళు 1943 అక్టోబర్ 14న తిరగబడ్డారు. సుమారు మూడొందల మంది కంచె దాటారు, యుద్ధం ముగిసేదాకా బతికింది ఓ యాభై మంది.

దీని మీద 1987లో 'ఎస్కేప్ ఫ్రమ్ సోబిబోర్' అని టీవీ సినిమా ఉంది, టెన్షన్‌గా సాగుతుంది, ముందు అది చూడండి. తర్వాత క్లోద్ లాంజ్‌మన్ తీసిన డాక్యుమెంటరీ చూడండి, దాని పేరే ఆ తేదీ, సాయంత్రం నాలుగు గంటలు. ఆ తిరుగుబాటులో ఉన్న యెహుదా లెర్నర్ అనే ఒక్క మనిషి కూర్చుని చెబుతుంటాడు. జర్మన్లు టైము తప్పరు, అదే ఖైదీల ఆయుధం. కొత్త కోటు కొలత చూసుకోమని దర్జీ షాపుకి ఒక్కొక్కణ్ణి ఒక్కో టైముకి పిలిచారు. అప్పటిదాకా ఎవరినీ చంపని కుర్రాడు లెర్నర్, చేతిలో గొడ్డలి. రైళ్ళలో వచ్చినవాళ్ళని చంపుతుంటే వినిపించే అరుపులు కప్పేయడానికి జర్మన్లు క్యాంపులో బాతుల మందని పెంచేవాళ్ళట, ఆ బాతుల గోల కూడా సినిమాలో వినిపిస్తుంది.

చివర్లో అతను అడవిలోకి చేరి అలసిపోయి పడి నిద్రపోయాననేసరికి కథ ఆగిపోతుంది. ఆ తర్వాత సోబిబోర్‌కి వచ్చిన రైళ్ళ జాబితా, ఏ ఊరి నుంచి ఎంతమంది అని, తెర మీద కదులుతూ ఉంటుంది, లాంజ్‌మన్ చదువుతూ పోతాడు. మొదటిసారి ఆ జాబితా రాగానే అయిపోయిందనుకుని ల్యాప్‌టాప్ మూసేశాను. మీరు మూసేయకండి.