ప్రత్యూష ఇంటికి వెళ్ళే ముందు

సింధూ,

నీకు వీసా వచ్చిందని నిన్న రాత్రి అక్క ఫోన్ చేసి చెప్పింది. పారిస్, ఆమ్‌స్టర్‌డామ్, బెర్లిన్, ప్రాగ్, వియన్నా. ఐదు వారాలు, భుజాన ఒక్క బ్యాగు. ఎంత సంతోషమేసిందో! హాస్టళ్ళూ రైలు పాసుల గురించి నువ్వు ఈపాటికి నాకంటే ఎక్కువే చదివి ఉంటావు. అందుకే వాటి జోలికి పోను. బెర్లిన్‌లో చదువుకుంటున్న ప్రత్యూష దగ్గర ఉండబోయే నాలుగు రోజుల గురించే ఈ ఉత్తరం.

ముందు నా సంగతి ఒకటి చెప్తాను. 2001లో మేం ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉన్నప్పుడు, నాతో డిగ్రీ చదివిన స్నేహితురాలు పారిస్‌లో ఉండేది. నాలుగు రోజులు ఉందామని వెళ్ళాను. అప్పటికింకా యూరో నోట్లు రాలేదు, ఫ్రాంకులు మార్చుకుని వెళ్ళాను. మళ్ళీ ఈ ఊరు వస్తానో రానో అని పొద్దున ఎనిమిదింటికి బయటపడితే రాత్రి పదింటికి ఇల్లు చేరేదాన్ని. లూవ్రు, ఈఫిల్ టవర్, వెర్సాయ్ అన్నీ చూశాను. తను రోజూ పప్పూ వేపుడూ చేసుకుని నా కోసం కూర్చునేది. నేను కాళ్ళు లాగేస్తున్నాయంటూ తిని పడుకునేదాన్ని. చివరి రోజు స్టేషన్‌లో, రైలు కదలడానికి పది నిమిషాల ముందు, ఆ ఏడాది వాళ్ళ నాన్నగారు పోయారనీ టికెట్‌కి డబ్బు సర్దుబాటు కాక వెళ్ళలేకపోయాననీ చెప్పింది. నాలుగు రోజులు ఒకే ఇంట్లో ఉండి కూడా ఆ మాట నేను ప్లాట్‌ఫారం మీద విన్నాను. ఇప్పటికీ గుర్తొస్తే మనసు కలుక్కుమంటుంది.

అందుకని బెర్లిన్‌లో ఏమేం చూడాలో తర్వాత రాసుకో. ప్రత్యూషకి ఏ రోజు ఖాళీయో ముందు కనుక్కో. నన్నడిగితే శుక్రవారం సాయంత్రం చేరి మంగళవారం పొద్దున బయల్దేరు. జర్మనీలో ఆదివారం సూపర్‌మార్కెట్లతో సహా దాదాపు దుకాణాలన్నీ మూసేస్తారు, పెద్ద స్టేషన్లలో ఏవో కొన్ని తప్ప. కాబట్టి శనివారమే ఇద్దరూ కలిసి సరుకులు తెచ్చుకోండి. ఆదివారం మధ్యాహ్నం టెంపెల్‌హోఫ్ మైదానానికి తీసుకెళ్ళమను. అది ఒకప్పటి విమానాశ్రయం. 2008లో మూసేసి 2010లో జనానికి వదిలేశారు. ఆ రన్‌వే మీద ఇద్దరూ ఎంత దూరమైనా నడుస్తూ మాట్లాడుకోవచ్చు, టికెట్ కూడా లేదు.

సోమవారం తను క్లాసుకి వెళ్తుంది. ఆ రోజు ఊరు నువ్వు ఒక్కదానివే చూసుకో, సెలవు పెట్టమని అడగకు. బెర్నావర్ వీధిలో బెర్లిన్ గోడ జ్ఞాపకార్థం కట్టిన స్మారకం తప్పకుండా చూడు, ప్రవేశం ఉచితం. పార్లమెంటు భవనం మీది గాజు గుమ్మటం కూడా ఉచితమే కానీ, ముందే ఆన్‌లైన్‌లో పేరు రాయించుకోవాలి, పాస్‌పోర్ట్ చేతిలో ఉండాలి.

డబ్బు సంగతి కాస్త మనసు పెట్టి చదువు. ప్రత్యూష విదేశంలో ఉంది కదా, బాగానే ఉంటుందిలే అనుకోవద్దు. అక్కడ చదువుకోవడానికి వెళ్ళే మన పిల్లల్లో చాలామంది ఏడాదికి 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో ముందే వేసి చూపించి వీసా తెచ్చుకుంటారు. అందులోంచి నెలకు 992 చొప్పునే చేతికి వస్తాయి. అద్దె, ఇన్సూరెన్స్, తిండి అన్నీ అందులోనే గడవాలి. నువ్వు వచ్చావని తను బయట భోజనాలు పెట్టించి, టికెట్లు కొని, నెలాఖరుకి ఇబ్బంది పడుతుంది. నీతో మాత్రం అనదు. శనివారం తెచ్చుకునే సరుకుల బిల్లు నువ్వే కట్టు. వద్దంటుంది, అయినా కట్టు. ఒక పూట వంట కూడా నువ్వే చెయ్యి.

తను ఉండేది ఇంకో ఇద్దరితో కలిసి. వంటగదీ బాత్రూమూ అందరివీ. నువ్వు ఏ రోజు వచ్చి ఏ రోజు వెళ్తావో వాళ్ళకి ముందే చెప్పి ఉంచమను. రాత్రి పది దాటాక బిల్డింగుల్లో చప్పుడు చెయ్యకూడదన్నది అక్కడ గట్టి నియమం. వీడియో కాల్‌లో అమ్మతో గట్టిగా మాట్లాడకు. బట్టలు ఉతుక్కోవాలంటే మెషీన్ ఎప్పుడు వాడొచ్చో అడిగి ఒక్కసారే వేసుకో. హాస్టల్లో పరిచయమైన వాళ్ళని ఒక్క రాత్రికే కదా అని వెంట తీసుకురావద్దు.

మన ఊళ్ళో ఎవరికీ తట్టని ఇబ్బంది ఒకటుంది. అక్కడ కాలింగ్ బెల్ పక్కన ఫ్లాట్ నంబరు ఉండదు, ఇంటిపేరు రాసి ఉంటుంది. ప్రత్యూష అని వెతికితే ఎంతకీ దొరకదు. తన ఇంటిపేరే ఉంటుందో, ఫ్లాట్ తీసుకున్నవాళ్ళ ఇంటిపేరు ఉంటుందో తెలియదు. ఆ బోర్డు ఫోటో తీసి పంపమను. తలుపులు కూడా మనవాటిలా కాదు, బయటికొచ్చి లాగితే చాలు, పడిపోతాయి, ఇక బయట నుంచి తాళంచెవి లేకుండా తెరుచుకోవు. చెత్త పారేయడానికి వెళ్ళినా తాళంచెవి జేబులో వేసుకుని వెళ్ళు. తాళాలు తీసేవాణ్ణి రాత్రిపూట పిలిస్తే వందల యూరోలు అడుగుతాడు.

బెర్లిన్‌లో తిరగడానికి ట్రైన్ టికెట్ కాగితం మీద కొంటే ప్లాట్‌ఫారం మీదున్న మెషీన్‌లో స్టాంపు వేయించుకోవాలి. మరిచిపోతే టికెట్ చేతిలో ఉన్నా 60 యూరోలు జరిమానా. విమానాశ్రయం నుంచి వచ్చేవాళ్ళకి ఏ, బీ, సీ మూడు జోన్ల టికెట్ కావాలి. నువ్వు రైల్లో వస్తావు కాబట్టి ఏ, బీ చాలు. నీళ్ళ సీసాలు పారేయకు. వాడి పారేసే ఒక్కొక్క ప్లాస్టిక్ సీసాకి 25 సెంట్లు డిపాజిట్ కట్టించుకుంటారు, ఖాళీవి సూపర్‌మార్కెట్ మెషీన్‌లో వేస్తే తిరిగిస్తారు.

పారిస్‌లో దిగగానే ఎక్కడ ఉంటావని అడిగినా అడగొచ్చు. ప్రత్యూష రాసిన ఆహ్వానం, తన అడ్రసు, హాస్టల్ బుకింగులు, ఇన్సూరెన్స్ కాగితం ప్రింట్ తీసి చేతిబ్యాగులో పెట్టుకో. ఫోన్ ఛార్జింగ్ అయిపోతే ఏమీ చూపించలేవు.

బయల్దేరే రోజు దుప్పటి మడిచి, దిండు గలీబు తీసి ఎక్కడ వెయ్యాలో అడుగు. ప్రాగ్ రైల్లో ఎడమవైపు కిటికీ సీటు చూసుకో. డ్రెస్డెన్ దాటాక చాలాసేపు ఎల్బే నది పక్కనే వెళ్తుంది.

ఇక తీసుకెళ్ళేవి. నెయ్యి, పాలకోవా, నేతి స్వీట్లు పెట్టుకోకు. బయటి దేశాల నుంచి పాల పదార్థాలూ మాంసమూ తేవడాన్ని యూరప్‌లో ఒప్పుకోరు, తీసి పారేస్తారు. పొడులు, పచ్చళ్ళు తీసుకెళ్ళు. కాకపోతే నూనె పచ్చడి చేతిబ్యాగులో వద్దు, చెక్-ఇన్‌లో వెయ్యి. నువ్వు బెర్లిన్ చేరేసరికి రెండు వారాలవుతుంది కాబట్టి స్టీలు డబ్బాలో పెట్టి, పైన రెండు కవర్లు చుట్టి, తాడు కట్టి ఇస్తాను. ప్రత్యూషకి ఆవకాయ ఇష్టమో గోంగూర ఇష్టమో మెల్లగా కనుక్కుని ఈ ఆదివారం లోపు నాకు ఫోన్ చెయ్యి. గోంగూర అయితే సోమవారం తెల్లారే మార్కెట్‌కి వెళ్ళాలి.

పిన్ని