థియేటర్లో మళ్లీ ఎక్స్‌రే ఎందుకు?

ప్రశ్న: మెట్లు దిగుతుంటే పాదం మడతపడింది. చీలమండ బయటివైపు ఎముక విరిగిందని, ఎముకలను కలిపి పట్టి ఉంచే లిగమెంట్ కూడా తెగి ఉండొచ్చని అన్నారు. ఎక్స్‌రే, సీటీ రెండూ తీశారు. ఆపరేషన్ మధ్యలో సీ-ఆర్మ్ అనే ఎక్స్‌రే యంత్రంతో మళ్లీ చూస్తారట. కోసి తెరిచాక కళ్లకు కనబడదా డాక్టరుగారూ? రేడియేషన్ అంటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: విరిగిన ఎముక కనబడుతుందండీ. లిగమెంట్ తెగడం వల్ల ఎముకలు ఎంత వదులయ్యాయో కంటికి అందదు. మీకు తీసినవన్నీ కాలు కదలకుండా పెట్టి తీసినవి. లాగి చూద్దామంటే నొప్పికి బిగబట్టేస్తారు. మత్తు ఇచ్చాకే ఆ పని కుదిరేది. ముందు ప్లేటు వేసి ఫిబులాను, అంటే విరిగిన ఆ బయటి ఎముకను, సరిచేస్తాం. దానికి చిన్న కొక్కెం తగిలించి బయటికి లాగుతూ తెర మీద చూస్తాం. పక్కనున్న టిబియాతో, అంటే కాలి పెద్ద ఎముకతో, సందు తెరుచుకుందా, లిగమెంట్ పట్టు పోయినట్టే. స్క్రూ గానీ, గట్టి దారంతో ఉండే బటన్ గానీ వేయాలి. తెరుచుకోకపోతే అది మీకు తప్పినట్టే.

ఒక్క మిల్లీమీటరుకు ఇంత హడావుడా అనుకోకండి. 1976లో రామ్సే, హామిల్టన్ మృతదేహాల కాళ్ల మీద కొలిచి చూశారు. కీలులోని టాలస్ ఎముక 1 మిల్లీమీటరు బయటికి జరిగితే, పై ఎముకతో ఆనుకునే మేర సగటున 42 శాతం తగ్గింది.

అలాగని సీ-ఆర్మ్‌ను గుడ్డిగా నమ్మను. నా తొలి రోజుల్లో ఒకాయనకు తెర మీద అంతా చక్కగానే ఉంది. ఎముకలను దగ్గరికి నొక్కిపట్టే క్లాంప్ నేను ఏటవాలుగా బిగించడంతో ఫిబులా కాస్త ముందుకు జారిందని, నొప్పి తగ్గక సీటీ తీసినప్పుడు గానీ తెలియలేదు. మళ్లీ ఆపరేషన్ చేయాలని ఆయనకు చెప్పడానికి నోరు రాలేదు. అప్పటినుంచి కోత పెట్టకముందే బాగున్న కాలిని ఎదురుగా, పక్కనుంచి తీసి తెర మీద పెట్టుకుంటాను. పుస్తకాల్లో కొలతల కన్నా మనిషి రెండో కాలే నాకు నమూనా. థియేటర్లోనే త్రీడీ స్కాన్ తీసే యంత్రం ఉంటే ఇలాంటి జారుడు అక్కడికక్కడే దొరుకుతుంది. లేకపోతే ముందువైపు చిన్న కోత పెట్టి కంటితో చూసుకోవడం మేలు.

రేడియేషన్ గురించి అంత బెంగ వద్దు. చీలమండ సన్నం, పొట్టకూ ఛాతీకీ దూరం. పడేది చాలా తక్కువ. లెడ్ ఏప్రాన్లు మేం వేసుకునేది రోజూ అక్కడే నిలబడాలి కాబట్టి. గర్భం ఉందేమోనన్న అనుమానం ఉన్నవాళ్లు మాత్రం ముందే చెప్పాలి.

మీ డాక్టరుగారిని ఒకటి అడగండి: రెండో కాలు కూడా తీసి పోల్చుకుంటారా అని. ఏమీ అనుకోరు.