ఐదు పీసుల డ్రమ్ కిట్‌ని ఏడుకు పెంచాలా, నాలుగుకి తగ్గించాలా?

మీ దగ్గర 22 అంగుళాల కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్), 14 స్నేర్ (కింద తీగలుండే డ్రమ్), 10, 12 రాక్ టామ్‌లు (ముందు ఎత్తున బిగించేవి), 16 ఫ్లోర్ టామ్ (నేల మీద నిలబడేది) ఉన్నాయి, అంకెలన్నీ అంగుళాలే. వీటికి 8, 14 టామ్‌లు, రెండు కాళ్లతో కిక్ కొట్టే డబుల్ పెడల్, మరో రెండు క్రాష్ తాళాలు, అన్నిటినీ మోసే రాక్ (లోహపు చట్రం) కొనాలా, లేక ఒక టామ్ తీసేసి నాలుగు పీసులకు వచ్చెయ్యాలా అని అడిగారు. వాయించేది ఎక్కువగా రాక్, కొంచెం మెటల్ అన్నారు.

పీసుల లెక్క పక్కన పెట్టి ముందు మీ రైడ్ (గతి నడిపే పెద్ద తాళం) ఎక్కడుందో చూసుకోండి. కొత్తగా పెట్టే టామ్ తన చోటు మాత్రమే తీసుకోదు, పక్కవాటిని జరుపుతుంది. కిక్ మీద రెండు టామ్‌లు కూర్చోగానే రైడ్ కుడివైపు ఫ్లోర్ టామ్ మీదికి పోతుంది. పాటలో సగంసేపు కుడిచెయ్యి ఉండేది రైడ్ మీదే. అక్కడికి అందుకోవడానికి మోచెయ్యి పక్కటెముకలకు దూరంగా లేచిందంటే, భారం మణికట్టు నుంచి భుజానికి మారుతుంది. పది నిమిషాలకే భుజం మంటెత్తుతుంది, నిలకడగా రావాల్సిన ఎనిమిదో నోట్లలో (బీటుకి రెండు దెబ్బల్లో) ఒకటి గట్టిగా, ఒకటి మెత్తగా పడతాయి. చాలామంది దీన్ని ప్రాక్టీసు లోపం అనుకుంటారు. నిజానికి స్టాండ్ ఉన్న చోటు లోపం.

అందుకే ఏదైనా కొనేముందు ఈ ప్రయోగం చేసి చూడండి. 10 టామ్ తీసి పక్కన పెట్టండి. 12 టామ్‌ని స్నేర్‌కి ఎదురుగా, కొద్దిగా ఎడమకి జరపండి. ఖాళీ అయిన కుడివైపుకి రైడ్‌ని దించండి. దాని అంచు కిక్ కుడి సగం మీదికి రావాలి. మోచెయ్యి వేలాడుతుండగానే స్టిక్ కొన రైడ్ అంచుకీ నడిమికీ మధ్య భాగానికి, మణికట్టు కాస్త ముందుకు తోస్తే నడిమి బుడిపె అయిన బెల్‌కి అందాలి. టామ్‌ని మీవైపు మరీ వంచకండి. స్టిక్ కొన నిటారుగా దిగి హెడ్ (డ్రమ్‌కి బిగించిన పొర) మీద గుంటలు పెడుతోందంటే వంపు ఎక్కువైందని అర్థం. రెండు వారాలు ఇలాగే వాయించి, మీ పాటల్లో ఏ ఫిల్‌కి (వరసల మధ్య వేసే చిన్న ముక్తాయింపుకి) ఏ డ్రమ్ లోటనిపించిందో ప్రతిసారీ కాగితం మీద రాయండి. ఊరికే బాగుంటుంది అనిపించినవి వద్దు, ఆ డ్రమ్ లేక ఫిల్ మార్చుకోవాల్సి వచ్చినవే రాయండి.

ఆ కాగితం మీద ఎక్కువసార్లు కనిపించేది కింది స్వరం గల టామ్ అయితే, రెండో రాక్ టామ్ బదులు రెండో ఫ్లోర్ టామ్ తీసుకోండి. లెడ్ జెప్లిన్ డ్రమ్మర్ జాన్ బోనమ్ 26 అంగుళాల కిక్ పెట్టుకుని ముందు 14 టామ్ ఒక్కటే, కుడిపక్క 16, 18 ఫ్లోర్ టామ్‌లు వాడాడు. జాజ్ డ్రమ్మర్ బడ్డీ రిచ్ కిట్‌లోనూ ముందు ఒకటే 13 టామ్, పక్కన రెండు 16లు. ఇద్దరికీ రైడ్ చేతికి దగ్గరగానే ఉంది. నాలుగు పీసులతోనే పేరు తెచ్చుకున్న బీటిల్స్ డ్రమ్మర్ రింగో స్టార్, రోలింగ్ స్టోన్స్ డ్రమ్మర్ చార్లీ వాట్స్‌ల పేర్లు అందరూ చెబుతారు కాబట్టి వాళ్ల గురించి మళ్లీ రాయను. మీరు అడిగిన 14ని ఫ్లోర్ టామ్‌గా 16కి ముందు పెడితే రైడ్ ఎక్కడికీ పోదు. ఆ ఒక్కటీ మంచి కొనుగోలే.

8 టామ్ సంగతి వేరు. దానికి చోటు కావాలంటే 10, 12లు రెండూ కుడికి జరగాలి, అంటే రైడ్ మళ్లీ బయటికి పోతుంది. హై-హ్యాట్‌కి (పెడల్‌తో మూసే జంట తాళాలకి) ఎడమపక్కన విడి స్టాండ్ మీద పెట్టగలిగితేనే తీసుకోండి.

పెద్ద కిట్లు ఆర్భాటమేనన్న మాటతో నేను ఏకీభవించను. డ్రమ్మర్ టెర్రీ బోజియో తన టామ్‌లను స్వరాలకు ట్యూన్ చేసి, కాళ్లతో ఒకే వరసను ఆపకుండా నడుపుతూ చేతులతో రాగం పలికిస్తాడు. అక్కడ ఒక డ్రమ్ తీసేస్తే ఒక స్వరం పోయినట్టే. రష్ బ్యాండ్‌లో నీల్ పెర్ట్ చుట్టూ ఉన్న ప్రతి పీసుకీ రాసుకున్న భాగం ఉండేది. రాసుకున్న సంగీతం కిట్‌ని పెంచితే అది సబబే. కిట్ పెంచి, తర్వాత దాంతో ఏం వాయించాలా అని వెతికితే ప్రతి ఫిల్లూ 8 నుంచి 16 దాకా వరసగా దిగే ఒకే మెట్ల దారి అవుతుంది.

ఇక పెద్ద కిట్‌తో వచ్చే అసలు చాకిరీ ట్యూనింగ్. స్నేర్‌కి పైన 10, కింద 10 హెడ్ బిగించే రాడ్లు, 10, 12 టామ్‌లకి ఒక్కో వైపు 6, 16కి 8, కిక్‌కి 8 అనుకుంటే మీ ఇప్పటి కిట్‌లోనే 76 టెన్షన్ రాడ్లు. 8, 14 కలిస్తే దాదాపు వంద. తయారీని బట్టి కొంచెం అటూఇటూ అవుతుంది. రాడ్లు తిప్పడంకంటే కష్టం స్వరాల మధ్య దూరం కుదర్చడం. టామ్‌లు రెండే ఉంటే 12 పై స దగ్గర, 16 కింది ప దగ్గర పెట్టినా రెండూ విడిగా వినిపిస్తాయి. ఐదు టామ్‌లు అయితే ఆ విరామాలన్నీ దగ్గరకొస్తాయి. చిన్నదాన్ని పైకి లాగితే గొంతు నొక్కినట్టు పలుకుతుంది, పెద్దదాన్ని కిందికి దింపితే హెడ్ వదులై చప్పుడు తప్ప స్వరం ఉండదు. పెద్దదాంతో మొదలుపెట్టండి. రెండు హెడ్లలో ముడతలు పోయి స్వరం పుట్టే మొదటి స్థాయి దగ్గర 16ని ఆపి, అక్కడినుంచి పైకి ఒక్కో టామూ కట్టుకుంటూ రండి.

ఇంకో తలనొప్పి స్నేర్ గరగర. 10 లేదా 12 టామ్ కొట్టగానే స్నేర్ కింది తీగలు వాటంతటవే మోగుతాయి. ఆ టామ్ స్వరమూ స్నేర్ స్వరమూ దగ్గరగా ఉండటమే కారణం. టామ్‌లు పెరిగేకొద్దీ ఏదో ఒకటి అక్కడ తగులుతూనే ఉంటుంది. తీగల బిగింపు పెంచడం మందు కాదు, స్నేర్ గొంతు పోతుంది. ముందు ఆ టామ్ కింది హెడ్‌ని పావు చుట్టు పైకో కిందికో మార్చి చూడండి. తగ్గకపోతే స్నేర్ కింద తీగల రెండు చివర్లకీ అటూఇటూ ఉండే నాలుగు రాడ్లని కొద్దిగా వదులు చెయ్యండి. పూర్తిగా పోదు కానీ పాటలో వినపడనంత తగ్గుతుంది.

రికార్డింగ్‌లోనూ ఇదే గొడవ. నాలుగు పీసులకి కిక్‌కి ఒకటి, స్నేర్‌కి ఒకటి, పైన రెండు, మొత్తం నాలుగు మైకులతో మంచి శబ్దం వస్తుంది. పైన పెట్టే రెండు మైకులూ స్నేర్ మధ్యభాగానికి సమాన దూరంలో ఉండాలి, ఒక కేబుల్ పట్టి కొలవండి. దూరం తేడా వస్తే స్నేర్ పలచబడుతుంది. టామ్‌లు ఎక్కువైతే ఒక్కోదానికీ మైక్ పెట్టాల్సి వస్తుంది. ఆ మైకుల్లోకి టామ్ పడేది పాటలో పది సెకన్లు, క్రాష్‌ల హోరు మాత్రం పాట పొడుగునా. మీరు కోరిన రెండు క్రాష్‌లలో ఒకటి చాలనడానికి కారణం ఇదే. ఇప్పటిది 16 అయితే 18 తీసుకోండి, తేడా స్పష్టంగా తెలుస్తుంది.

డబుల్ పెడల్ మాత్రం మెటల్ వాయిస్తారు కనుక కొనండి. నిమిషానికి 180 బీట్ల (బీపీఎం) వేగంలో ఆగకుండా పదహారో నోట్లు (బీటుకి నాలుగు దెబ్బలు) ఒక్క కాలితో సాగవు. బిగించేటప్పుడు జరిగే తప్పులు ఇవి. ఎడమ పెడల్‌కి చోటు చెయ్యడానికి హై-హ్యాట్ స్టాండ్‌ని దూరంగా జరిపేస్తారు, దాంతో చెయ్యి అందదు. స్టాండ్ కాళ్లు తిరిగే రకం లేదా రెండు కాళ్ల హై-హ్యాట్ స్టాండ్ అయితే రెండు పెడళ్లూ పక్కపక్కనే పడతాయి. స్నేర్ స్టాండ్‌ని తిప్పి దాని రెండు కాళ్ల మధ్యనుంచి, రెండు పెడళ్లనీ కలిపే షాఫ్ట్ పోయేలా చూడండి. షాఫ్ట్ ఎంత తక్కువ వంగితే ఎడమకాలు అంత తేలిగ్గా ఉంటుంది. జాయింట్ స్క్రూలు షాఫ్ట్ చదును వైపే దిగాలి, గుండ్రం వైపు బిగిస్తే నాలుగు పాటలకే జారుతాయి. పెడల్‌ని సింగిల్ పెడల్ ఉన్న చోటే బిగిస్తే కుడి బీటర్ (కిక్‌ని కొట్టే సుత్తి) నడిమధ్యన, ఎడమది పక్కకి తగిలి రెండు కాళ్ల శబ్దం వేరువేరుగా వస్తుంది. క్లాంప్‌ని కొద్దిగా జరిపి రెండు బీటర్లూ మధ్యకి సమాన దూరంలో తగిలేలా పెట్టండి.

కొనే వరస చెప్పమంటే, ముందు డబుల్ పెడల్, తర్వాత 18 క్రాష్, రెండు వారాల కాగితం ఒప్పుకుంటే 14 ఫ్లోర్ టామ్. ఒక్కోటి వచ్చాక దానికి అలవాటుపడే దాకా ఇంకోటి కలపకండి. ప్రతి స్టాండ్‌కీ మెమరీ లాక్ (అదే ఎత్తుకి మళ్లీ పెట్టేలా బిగించే పట్టీ) వేసి, రగ్గు మీద ఒక్కో కాలు పడే చోట టేపు ముక్క అంటించండి. ఐదు పీసులకి రెండు మీటర్ల చదరం రగ్గు సరిపోతుంది, 14 వచ్చాక కుడివైపు ఇంకో అర మీటరు కావాలి. డ్రమ్‌లు మోసే ఆ రాక్ చట్రం ఇప్పుడు వద్దు. స్టాండ్ల కాళ్లు ఒకదాన్నొకటి తొక్కుకుని పెట్టడానికి నిజంగా చోటు లేనప్పుడే అది పనికొస్తుంది, నేను చెప్పిన కిట్‌కి ఆ అవసరం రాదు.